కథలో దొంగ కైఫీయతు: తేదీ తప్పితే ఎవరిది తప్పు?

తాటాకు:
మొన్న కోట్టూరుపురంలో గంటం గారు చదివిన కథలో మెకంజీ (ఊళ్ల చరిత్రలు సేకరించిన కుంపిణీ సర్వేయరు) మనుషులకు ఒక కరణం ఇచ్చిన కైఫీయతు, అంటే ఊరి చరిత్ర చెప్పే కాగితం, ఉంది. ఇనాం (దానంగా ఇచ్చిన భూమి) "శక 1673 ప్రమోదూత" సంవత్సరంలో ఇచ్చారట! 1673కి 78 కలిపితే క్రీస్తుశకం 1751, అది ప్రజోత్పత్తి సంవత్సరం. పంచాంగం కూడా చూసుకోకుండా పాత కాగితం పుట్టిస్తే ఎట్లా?

గంటం:
తప్పు నాది కాదు, కరణానిది. అసలు దానం 1810 ప్రమోదూతలో పాలెగాడు ఇచ్చినది. దత్తమండలం (రాయలసీమ ప్రాంతం) 1800లోనే కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) చేతికి పోయింది కనుక ఆ దానం చెల్లదు. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కదా, పేరు ఉంచి అంకె వెనక్కి జరిపాడు. జరపడంలో ఒకటి తప్పాడు. పాఠకుడు పట్టుకోవలసింది అదే.

తాటాకు:
ఎవరు పట్టుకుంటారండీ? ప్రజోత్పత్తి పేరే సగంమందికి తెలీదు.

మాంబళం చదువరి:
😀 నాకూ తెలీదు.

కవిలెకట్ట:
ఇద్దరూ అసలు చిక్కు వదిలేశారు. శాసనాల్లో గత శకం (పూర్తయిన ఏళ్ల లెక్క), వర్తమాన శకం (నడుస్తున్న ఏడూ కలిపిన లెక్క) అని రెండు లెక్కలు. వర్తమానం అనుకుంటే 1673 అంటే 1750, ప్రమోదూత సరిగ్గా కుదిరింది! ఒక్క ఏడు తేడాతో దొంగ పత్రమని ఎవరూ తేల్చరు. తిథితో పాటు వారం కూడా వేయండి. 1922లో ఇక్కడే మద్రాసులో అచ్చైన స్వామికన్ను పిళ్లై పట్టికలు (ఏ తిథి ఏ వారం పడిందో చూపేవి) తీస్తే రెండూ కలుస్తాయో లేదో తేలిపోతుంది. లేదా 1750 దానంలో "కలెక్టరు" అన్న మాట దొర్లించండి.

గంటం:
కలెక్టరు మరీ మోటు. వారం ఆలోచిస్తాను.

తాటాకు:
వారం వేస్తే ఇంకా నిజంలా ఉంటుంది, నా భయమే అది! ఆ పేజీ ఒక్కటీ ఫోటో తీసి వాట్సాప్‌లో "మా ఊరి చరిత్ర" అని తిప్పుతారు. గుడి మాన్యం తగాదాలో చూపిస్తారు. కల్పితమని ముందుమాటలో రాయండి.

గంటం:
ప్రతి కథకీ మీకు ముందుమాట కావాలి. అసలు కైఫీయతులు మాత్రం ఎవరు చెప్తే రాశారు? మాన్యాలు తింటున్న కరణాలే కదా. వాటికి ఏ ముందుమాట ఉంది?

కవిలెకట్ట:
వాటికి పక్క ఊరి కైఫీయతు ఉంది, సరిచూసుకోవచ్చు. మీ కథకి పక్క ఊరు లేదు.

గంటం:
...సరే. 1673 తీసి 1675 చేస్తాను, ఏ శకం లెక్కకీ కుదరదు. పక్క ఊరి కైఫీయతు కూడా ఒకటి రాస్తాను. ముందుమాట మాత్రం రాయను.