పదహారవ బెనెడిక్టు మరణం: పాత పూజను ప్రేమించేవారు ఆయనను ఎలా సాగనంపాలి?

సాయంప్రార్థన

2022 డిసెంబరు 31న, 2013లో పదవి వదిలిన పోపు బెనెడిక్టు గారు చనిపోయారని వార్త చూశాను. ఆయనకు 95 ఏళ్లు. ఆరోగ్యం బాగోలేదని, ఆయన కోసం ప్రార్థించమని పోపు ఫ్రాన్సిస్ మూడు రోజుల ముందే అడిగారు. అయినా ఫోను చేత్తో పట్టుకుని వంటగదిలో అలాగే నిలబడిపోయాను. ఏడుపు వచ్చింది, ఆ వెనకే కోపమూ వచ్చింది. రెండూ ఒకే మనిషి మీద. ఇది తప్పా అని ఇక్కడ అందరినీ అడగడానికే రాస్తున్నాను.

నేను అమెరికాలో ఉంటాను. 2007 జూలై 7న ఆయన ఇచ్చిన ఉత్తర్వు లేకపోతే లాటిన్ పూజ, అంటే 1960ల మార్పులకు ముందున్న పాత కతోలిక పూజ, నా జీవితంలోకి వచ్చేదే కాదు. 1962 నాటి పూజాగ్రంథం ఎన్నడూ రద్దు కాలేదని, ముందు తరాలకు పవిత్రమైనది మనకూ పవిత్రమేనని ఆయన చెప్పారు. మొదటి ఆదివారం నా చేతికి ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. ఎడమ పేజీలో లాటిన్, కుడి పేజీలో ఇంగ్లీషు. పూజ చేసే గురువు బలిపీఠం వైపు తిరిగి ఉన్నారు. నడిమి ప్రార్థనంతా ఆయన పెదవుల మీదే సాగింది. నేను పేజీ తప్పిపోయాను. పక్కన మోకరించిన పదేళ్ల అబ్బాయి నా పుస్తకం అందుకుని, సరైన పేజీ తీసి, వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు. ఆ రోజు నుంచి ఆ పూజ నాదైంది.

2021 జూలై 16న పోపు ఫ్రాన్సిస్ కొత్త ఉత్తర్వు ఇచ్చారు. విచారణ గుళ్లలో, అంటే ఒక్కో ప్రాంతపు మామూలు గుళ్లలో, ఆ పూజకు ఇక చోటు ఇవ్వకూడదన్నారు. మా గుడిలో ఆగిపోయింది. ఇప్పుడు గంటకు పైగా కారు నడిపి మరో చోటికి వెళ్తున్నాము. బెనెడిక్టు గారు అప్పటికి బతికే ఉన్నారు, వాటికన్ తోటల్లోని మఠంలో. పైకి ఒక్క మాట అనలేదు. ఇల్లు కట్టి ఇచ్చిన తండ్రి కాపలా వదిలి వెళ్లిపోతే పిల్లలు ఏమనుకోవాలి?

పాతబాట

నాకు కన్నీళ్లు రాలేదు. మరణించినవారి కోసం జపమాల చెప్పాను, అది నా విధి. మనవాళ్లు ఆయనను మన మనిషిగా చూపుతుంటే మాత్రం ఊరుకోలేను. 1960ల్లో ఈ మార్పులకు దారి తీసిన రెండవ వాటికన్ మహాసభకు జర్మన్ కార్డినల్ ఫ్రింగ్స్ వెంట సలహాదారుగా వెళ్లిన యువ పండితుడు ఎవరు? రాట్జింగరే, అంటే పోపు కాకముందు బెనెడిక్టు గారే. 2011లో ఇటలీలోని అస్సీసీకి ఇతర మతాల పెద్దలను పిలిచిందీ ఆయనే. పాత పూజకు తలుపు తెరిచారు సరే, పోపుగా ఉన్న ఎనిమిదేళ్లలో ఒక్కసారైనా దాన్ని ప్రజల ముందు చేశారా? చేయలేదు. ఆయన ఒక్కసారి చేసి ఉంటే ఎంతమంది బిషప్పులు దారికి వచ్చేవారో!

కొత్త పూజను ఒప్పుకోని ఆర్చిబిషప్ లెఫెవ్రు 1988లో పోపు అనుమతి లేకుండా అభిషేకించిన నలుగురు బిషప్పుల వెలివేతను 2009లో ఎత్తివేశారు. అందుకు జర్మనీలోనూ, బయటా ఆయన పడిన మాటలు నాకు గుర్తే. అది ధైర్యమే, కాదనను. కానీ సగం దూరం నడిపించి ఆగిపోయిన మనిషిని పునీతుడని ఇప్పుడే కేకలు వేయడం నా వల్ల కాదు.

గుణదల కొండ

మీ ఇద్దరి బాధా అర్థమవుతోంది గానీ నేను మరో వైపు నుంచి చెబుతాను. 2013 ఫిబ్రవరి 11 గుణదల మాత తిరునాళ్ళ రోజు. సాయంత్రం కొండ మెట్లు దిగుతుంటే ఎవరో ఫోనులో వార్త విని గట్టిగా చెప్పారు. మా నాన్న మెట్టు మీద కూర్చుండిపోయారు. పోపు రాజీనామా చేయడమేమిటని నాలుగు సార్లు అడిగారు. కాసేపటికి, "ఓపిక లేదని ఒప్పుకోవడానికి ఎంత ఓపిక కావాలో" అన్నారు.

మా నాన్న చిన్నతనంలో లాటిన్ పూజలో సేవకుడు. జవాబులు బట్టీపట్టారు, అర్థం తెలియదు. తెలుగు పూజ వచ్చాక మొదటిసారి మా నాయనమ్మకు గురువు ఏమంటున్నారో తెలిసిందని చెప్పేవారు. కాబట్టి పాతదంతా పోగొట్టుకున్నామని నేను అనలేను. మీరు ఒక అందాన్ని పోగొట్టుకున్నారు, నిజం. మా నాయనమ్మకు ఒక మాట దొరికింది, అదీ నిజం.

ఒక ప్రశ్న

ఆయన చివరిదాకా తెల్ల అంగీ వేసుకున్నారు, బెనెడిక్టు అనే పేరే ఉంచుకున్నారు. అసలు రాజీనామా చెల్లలేదని, డిసెంబరు 31 దాకా ఆయనే పోపని కొందరు వాదిస్తున్నారు. దీనికి జవాబు ఉందా?

పాతబాట

ఉంది, ఆయనే ఇచ్చారు. ఫిబ్రవరి 28 రాత్రి 8 గంటలకు రోము పీఠం ఖాళీ అవుతుందని రాజీనామా పత్రంలోనే ఉంది. రాబోయే పోపుకు విధేయుడిగా ఉంటానని వెళ్లే రోజు కార్డినళ్ల ముందు మాట ఇచ్చారు. ఏడాది తరువాత ఇటలీ పాత్రికేయుడొకరు అడిగితే, చెల్లుబాటుపై ఏ సందేహమూ లేదని రాతపూర్వకంగా చెప్పారు. ఆయనతో నాకు ఎన్ని తగవులున్నా ఆయన నోటిమాటను ఆయన మీదికే తిప్పను.

సాయంప్రార్థన

గుణదల కొండ గారూ, మీ నాన్నగారి మాట రెండు రోజులుగా నన్ను వదలడం లేదు.

భౌతికకాయాన్ని చూడటానికి ఉంచినప్పుడు ఎర్రటి పూజావస్త్రం, తలపై మైటర్ (బిషప్పులు పెట్టుకునే ఎత్తైన టోపీ) ఉన్నాయి. పాలియం లేదు. గొర్రె ఉన్నితో నేసి, పోపు భుజాల మీద వేసే ఆ తెల్లని పట్టీ. పాలించే పోపు కాదు కనుక వేయలేదు. ఫోటోలో ఆ ఖాళీ మెడ చూసి నాకు మళ్లీ కోపం వచ్చింది.

తరువాత 2009 గుర్తొచ్చింది. ఆ ఏప్రిల్‌లో భూకంపం వచ్చిన ఇటలీ పట్టణం లాక్విలాకు వెళ్లి, 1294లో పదవి వదిలిన పోపు ఐదవ సెలెస్టిన్ సమాధి దగ్గర ఆయన తన పాలియం తీసి పెట్టి వచ్చారు. అప్పుడు అందులో ఎవరికీ ఏమీ కనిపించలేదు. రాజీనామాకు ఇంకా నాలుగేళ్లు ఉంది.

2021 ఉత్తర్వు చదివి ఆయన గుండె పగిలిందనుకుంటున్నానని ఆయన కార్యదర్శి ఆర్చిబిషప్ గెయిన్స్‌వైన్ ఇప్పుడు ఒక జర్మన్ పత్రికకు చెప్పారు. అంటే నొప్పి ఆయనకూ తెలుసు. మాట ఇచ్చారు కనుక నోరు విప్పలేదు. రాజీనామా సరైనదని నేను ఇప్పటికీ ఒప్పుకోలేకపోతున్నాను. ఆ మౌనాన్ని మాత్రం ఇక తప్పు పట్టను.

జనవరి 5న అంత్యక్రియలకు పొగమంచులో సైప్రస్ చెక్క పెట్టెను మోసుకొచ్చి వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చౌకులో నేల మీద దించారు. మూత వేసే ముందు ఆయన పాలియాలను అందులోనే పెట్టారట. ఈ ఆదివారం మా ఇంటి వంతు: ఆయన ఆత్మ కోసం పూజ చెప్పిస్తున్నాము, లాటిన్‌లో, గంట దూరంలో. పాతబాట గారూ, దగ్గరలో ఉంటే రండి.