పరీక్షలన్నీ సవ్యంగా ఉన్నా, ఒత్తిడి పెరిగితే కడుపునొప్పి ఎందుకు పెరుగుతుంది?

ప్రశ్న:
నాకు నాలుగేళ్లుగా ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ - పరీక్షల్లో లోపం కనబడకపోయినా కడుపునొప్పి, మలవిసర్జనలో తేడాలు పదేపదే వచ్చే సమస్య) ఉంది. కొలనోస్కోపీలోనూ రక్తపరీక్షల్లోనూ ఏ లోపమూ కనబడలేదు. అయినా పని ఒత్తిడి ఎక్కువైన వారాల్లో, మామూలు రోజుల్లో నా ధ్యాసలోకే రాని కాస్తంత గ్యాస్ కూడా మెలిపెట్టే నొప్పిగా మారుతోంది. "అంతా నీ ఊహే" అని ఇంట్లోవాళ్లు అంటే చాలా బాధ కలుగుతోంది. ఈ నొప్పి నిజంగా పేగులోనే పుడుతోందా?

సమాధానం 1:
మీ నొప్పి నిజమైనదేనండి. పేగుల్లోని కదలికల గురించి నాడులు మెదడుకు నిరంతరం కబురు పంపుతూనే ఉంటాయి కానీ, సాధారణంగా అందులో చాలాభాగం మన స్పృహదాకా రాదు. ఐబీఎస్ ఉన్నవారిలో చాలామందికి ఈ వడపోత సడలుతుంది. పురీషనాళంలో చిన్న బెలూన్ ఉంచి మెల్లమెల్లగా గాలి నింపే పరీక్షల్లో, ఇతరులకు ఇబ్బంది అనిపించని పీడనం దగ్గరే వీరిలో పలువురికి నొప్పి మొదలవుతుందని 1970ల నుంచీ గమనిస్తున్నారు.

ఒత్తిడి ఈ సున్నితత్వాన్ని రెండు వైపుల నుంచీ పెంచుతుంది. మెదడులో విడుదలయ్యే సీఆర్‌ఎఫ్ అనే రసాయనం పెద్దపేగు కదలికలను వేగవంతం చేస్తుంది; పేగు గోడలోని మాస్ట్ కణాలు (ఒకరకం రోగనిరోధక కణాలు) ఒత్తిడి ప్రభావంతో హిస్టమిన్, ట్రిప్టేజ్ వంటి పదార్థాలను వదలడంతో పక్కనున్న నాడీ కొసలు చిన్న సాగుదలకే స్పందించడం మొదలుపెడతాయి. మరోవైపు, మెదడు నుంచి వెన్నుపాముకు దిగివచ్చి నొప్పి సంకేతాలను అణచవలసిన నాడీమార్గాలు బలహీనపడతాయి. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి చెప్పి చూడండి.

సమాధానం 2:
పై వివరణతో ఏకీభవిస్తూనే ఒక్కమాట. ఐబీఎస్ ఉన్న ప్రతి ఒక్కరిలోనూ ఈ అతిసున్నితత్వం కనబడదు. కొందరికి పేగు ఇన్ఫెక్షన్ తగ్గాక ఈ జబ్బు మొదలవుతుంది. కాబట్టి ప్రతి లక్షణాన్నీ ఒత్తిడి ఖాతాలో వేయకండి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు కొత్తగా కనిపిస్తే తప్పక మళ్లీ వైద్యుణ్ని కలవండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. వైద్యులు తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ సూచించారు. అది కుంగుబాటుకు వాడే మందని తెలిసి, నన్ను మానసిక రోగిగా చూస్తున్నారేమోనని ఇంతవరకూ మొదలుపెట్టలేదు.

సమాధానం 1:
ఆ సందేహం సహజమే. కుంగుబాటుకు వాడే మోతాదు కన్నా ఇది చాలా తక్కువ. ఇక్కడ ఆ మందును నొప్పి సంకేతాలను తగ్గించడానికే ఇస్తారు. ఇంగ్లండ్‌లో 463 మందిపై జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనంలో 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అవసరాన్నిబట్టి 30 దాకా పెంచగా, ఆరు నెలలకు ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగైన ఫలితం వచ్చింది. నోరు ఎండటం, మగత, మలబద్ధకం కలగవచ్చు. మీకు ముందే మలబద్ధకం ఉంటే ఆ విషయం వైద్యులకు చెప్పాకే మొదలుపెట్టండి.