డెర్బీ అయిపోయాక గేటు బయట జరిగేదానికి బాధ్యత ఎవరిది?

ఈస్ట్‌స్టాండ్_17:

పోయిన వారం డెర్బీకి, అంటే ఒకే ప్రాంతంలోని రెండు ప్రత్యర్థి ఫుట్‌బాల్ జట్ల మ్యాచ్‌కి, తమ్ముణ్ణి తీసుకెళ్ళాను. వాడికి 16 ఏళ్ళు, స్టేడియంలో డెర్బీ చూడటం అదే మొదటిసారి. ఆట జరిగినంతసేపూ ఏ గొడవా లేదు, అరుపులు, పాటలు, అవతలి జట్టు మీద నినాదాలు, అంతే. చివరి విజిల్ పడ్డాక మొదలైంది అసలు సంగతి. మేం ఓడిపోయాం. రెండు వైపుల గేట్లూ ఒకేసారి తెరిచారు. బయటికొచ్చాక ఆ రెండు దార్లూ ఒకే రోడ్డులో కలుస్తాయి, ఆ కలిసే చోట పోలీసులు హెల్మెట్లు పెట్టుకుని లాఠీలతో అడ్డంగా నిలబడ్డారు.

ముందు ఎవరో సీసా విసిరారట. నేను చూడలేదు. నేను చూసిందల్లా ముందున్నవాళ్ళు వెనక్కి పరిగెత్తుకు రావడం, వెనక గేటులోంచి జనం ఇంకా వస్తూనే ఉండటం, మధ్యలో మేం ఇరుక్కుపోవడం. కాసేపు నా కాళ్ళు నేలకి ఆనలేదు. తమ్ముడి చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. మళ్ళీ వాడు కనపడేదాకా పది నిమిషాలు పట్టింది, ఆ పది నిమిషాల టెన్షన్ నా శత్రువుకి కూడా వద్దు. వాడి మణికట్టు మీద లాఠీ దెబ్బ పడింది, వాచిపోయింది, విరగలేదు. వాడు చేసిన తప్పు మా జట్టు స్కార్ఫ్ మెడలో వేసుకుని అక్కడ ఉండటమే.

ఇప్పుడు అందరూ అంటున్నది ఒకటే, ఇకమీదట ప్రత్యర్థి జట్టు అభిమానుల్ని రానివ్వకూడదు, పోలీసుల్ని రెట్టింపు పెట్టాలి అని. అలా చేస్తే నిజంగా ఆగుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి. కోపంతో అడగడం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

గేటు_నంబర్_4:

తమ్ముడికి ఏమీ కాలేదు, అది చాలు బ్రదర్. నేను కొన్నేళ్ళు స్టేడియంలో స్టీవార్డ్‌గా, అంటే జనానికి దారి చూపించి అదుపు చేసే సిబ్బందిలో, పని చేశాను, గేట్ల దగ్గరే నా డ్యూటీ. మీరు రాసినదాంట్లో సీసా కంటే ముఖ్యమైన మాట "రెండు గేట్లూ ఒకేసారి తెరిచారు" అన్నది.

జనం లోపలికి రావడానికి రెండు మూడు గంటలు పడుతుంది, కొంతమంది ముందే వస్తారు, కొంతమంది కిక్కాఫ్ అయ్యాక వస్తారు. బయటికి మాత్రం అందరూ ఒక్కసారే లేస్తారు. బ్రిటన్‌లో స్టేడియాల భద్రతకి గ్రీన్ గైడ్ అని ఒక పుస్తకం ఉంది, చాలా దేశాల్లో దాన్నే చూసి లెక్కలు వేస్తారు. అందులో చదునైన దారిలో ఒక మీటరు వెడల్పుకి నిమిషానికి 82 మంది, మెట్ల మీద అయితే 66 మంది దాటగలరని లెక్క. స్టాండ్ ఖాళీ కావడానికి 8 నిమిషాలకు మించి పట్టకూడదు. అంటే 5000 మంది ఉన్న స్టాండ్‌కి దార్లన్నీ కలిపి ఏడున్నర మీటర్లకు పైగా వెడల్పు కావాలి. గేటు రెక్క ఒకటి మూసి ఉంచితే ఆ లెక్క సగమైపోతుంది. ఆ దారి బయట పోలీసుల వరస అడ్డం ఉంటే లెక్క సున్నా. వెనకవాళ్ళకి ముందు ఏం జరుగుతోందో కనపడదు, వాళ్ళు నడుస్తూనే ఉంటారు. చదరపు మీటరుకి ఐదారుగురు దాటాక మనిషి తన ఇష్టంతో కదలలేడు, మీ కాళ్ళు నేలకి ఆనకపోవడం అదే. అక్కడ చచ్చిపోయేవాళ్ళు చాలామంది కాళ్ళ కింద పడి కాదు, నిలబడే ఊపిరాడక పోతారు.

గ్లాస్గోలో 1971 జనవరి 2న రేంజర్స్, సెల్టిక్ మ్యాచ్ అయ్యాక 66 మంది చనిపోయారు. ఆ రెండు జట్ల అభిమానులకి ఎంత పగ ఉందో ఫుట్‌బాల్ చూసే ఎవరికైనా తెలుసు, కానీ ఆ రోజు చావులకి కొట్లాట కారణం కాదు. ఐబ్రాక్స్ స్టేడియంలో 13వ నంబరు మెట్ల దారిలో దిగుతుంటే ఎవరో తూలారు, పైనుంచి జనం దిగుతూనే ఉన్నారు. అదే మెట్ల మీద 1961లో ఇద్దరు చనిపోయారు. పదేళ్ళ ముందే తెలిసిన మెట్లు అవి! ఇది తల్చుకున్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

బందోబస్తు_పాతకాపు:

నేను డిపార్ట్‌మెంట్‌లో పని చేసి రిటైర్ అయ్యాను. మ్యాచ్ బందోబస్తు చాలాసార్లు చేశాను. బాబూ, మీ తమ్ముడికి దెబ్బ తగిలినందుకు బాధగా ఉంది. అవతలి వైపు నుంచి కూడా చెబుతాను, సమర్థించడానికి కాదు.

ఆ వరసలో నిలబడ్డ కానిస్టేబుల్ పొద్దున్నే వచ్చి ఉంటాడు. హెల్మెట్ పెట్టుకున్నాక పక్కవాడి మాట కూడా సరిగా వినపడదు. ముందు నుంచి వందల మంది మీదికి వస్తుంటే వాడికి కనపడేది ముందు వరస ముఖాలు మాత్రమే. ఆ ముందు వరసని వెనకవాళ్ళు నెడుతున్నారని వాడికి తెలియదు. మీదికి వస్తున్నారు అనుకుంటాడు, లాఠీ ఎత్తుతాడు. కొట్టగానే ముందువాళ్ళు వెనక్కి తిరుగుతారు, వెనక దారి లేదు. అక్కడే ప్రాణాలు పోతాయి. మేం నేర్చుకున్న డ్రిల్ అంతా గుంపుని చెదరగొట్టడం గురించే, చెదరడానికి చోటు ఉందో లేదో ముందు చూడమని మాకు ఎవరూ గట్టిగా చెప్పలేదు.

గేట్లు తెరవమని చెప్పేది ఒకరు, బయట రోడ్డు చూసేది ఇంకొకరు, వాళ్ళిద్దరి మధ్య ఒక్క ఫోన్ కూడా లేని మ్యాచ్‌లు నేను చూశాను. సీసీటీవీ చూస్తున్న మనిషి, గేటు దగ్గరి మనిషి, రోడ్డు మీది ఆఫీసరు ఒకే గదితో మాట్లాడుతుంటే ఒక జట్టు వాళ్ళని 20, 30 నిమిషాలు లోపలే ఆపి రెండోవాళ్ళని ముందు పంపించడం పెద్ద కష్టమేమీ కాదు. అయితే ఆపేటప్పుడు ఎందుకు ఆపారో, ఎంతసేపో మైకులో చెప్పాలి, నీళ్ళు ఇవ్వాలి, బాత్రూమ్‌లు తెరిచి ఉంచాలి. ఏమీ చెప్పకుండా గేటు వేసేస్తే లోపలున్నవాళ్ళకి పిచ్చెక్కుతుంది, అది వాళ్ళ తప్పు కాదు.

ఇక ప్రత్యర్థుల్ని రానివ్వకపోతే సరిపోతుందా అన్నారు. ఇండొనేసియాలో మలాంగ్ దగ్గర కంజురుహాన్ స్టేడియం, 2022 అక్టోబరు 1. అరెమా, పెర్సెబాయా మ్యాచ్. గొడవలవుతాయని పెర్సెబాయా అభిమానుల్ని అసలు రానివ్వలేదు. మ్యాచ్ మధ్యాహ్నం పెట్టమని పోలీసులు అడిగితే అదీ వినలేదు, రాత్రే పెట్టారు. అరెమా 3-2తో ఓడింది, కొంతమంది మైదానంలోకి దిగారు, పోలీసులు టియర్ గ్యాస్ పేల్చారు, అది మైదానంలోనే కాదు, జనం కూర్చున్న స్టాండ్ల మీదికి కూడా. అందరూ ఇరుకు గేట్ల వైపు పరిగెత్తారు. 135 మంది పోయారు, పిల్లలు కూడా ఉన్నారు. స్టేడియంలో అలాంటి గ్యాస్ వాడకూడదని ఫిఫా భద్రతా నిబంధనల్లో స్పష్టంగా రాసే ఉంది. 2001లో ఘనాలో అక్రాలో హార్ట్స్ ఆఫ్ ఓక్, కొటోకో మ్యాచ్‌లో కూడా ఇదే జరిగింది, ఓడిన జట్టు అభిమానులు కుర్చీలు విరిచి విసిరారు, పోలీసులు గ్యాస్ వదిలారు, గేట్లు తాళం వేసి ఉన్నాయి, 126 మంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అదే తప్పు జరగడం యూనిఫాం వేసుకున్న మనిషిగా నాకు సిగ్గుగా ఉంది.

పెనాల్టీబాక్స్:

పెద్దాయన చెప్పింది కాదనను, కానీ ఈ చర్చ మొత్తం పోలీసులదే తప్పు అన్నట్టు పోతోంది, అది నాకు నచ్చలేదు. ఈజిప్ట్‌లో పోర్ట్ సయీద్ మాటేంటి? 2012 ఫిబ్రవరి 1, అల్ మస్రీ 3-1తో గెలిచింది, గెలిచిన జట్టు అభిమానులే మైదానం దాటి వెళ్ళి అల్ అహ్లీ వాళ్ళ మీద పడ్డారు. 70 మందికి పైగా చనిపోయారు. అక్కడ పోలీసులు ఎక్కువ కొట్టడం కాదు సమస్య, అడ్డుకోకుండా చూస్తూ నిలబడ్డారు. 1985లో బ్రస్సెల్స్ హేసెల్ స్టేడియంలో 39 మంది, ఎక్కువమంది యువెంటస్ అభిమానులు, లివర్‌పూల్ వాళ్ళు కొంతమంది మీదికి వెళ్ళడంతో గోడ కూలి పోయారు. కొట్టుకోవడానికే వచ్చేవాళ్ళు ఉన్నారు. ఉన్నారని ఒప్పుకోకపోతే మిగతా అభిమానులకి కూడా న్యాయం జరగదు.

అలాంటివాళ్ళని పేరు పట్టుకుని ఆపాలి. ఇంగ్లండ్‌లో గొడవ చేసినవాళ్ళకి కోర్టు నిషేధం వేస్తుంది, మూడేళ్ళ నుంచి పదేళ్ళ దాకా స్టేడియంలో అడుగు పెట్టకూడదు, జట్టు వేరే దేశంలో ఆడుతుంటే పాస్‌పోర్టు పోలీసులకి అప్పగించాలి. ఒకడు విసిరిన సీసాకి వెయ్యిమందికి లాఠీ కంటే ఇది ఎంతో మేలు కదా. అది చెయ్యాలంటే సీసా విసిరినవాడు ఎవడో పక్కనున్న మనం చెప్పాలి. మనవాడే కదా అని ఊరుకుంటాం. నేను కూడా ఒకసారి ఊరుకున్నాను, ఇప్పటికీ అది మనసులో ఉంది.

రెండో_సగం:

పెనాల్టీబాక్స్ గారు చెప్పిన ఆఖరి ముక్క మీద నేను చదువుకున్నాను, గుంపుల ప్రవర్తన నా సబ్జెక్ట్. గుంపులో చేరగానే మనిషికి బుద్ధి పోతుంది అని పాతకాలంలో రాసినవాళ్ళు ఉన్నారు, చాలామంది పోలీసులు ఇంకా అదే నమ్ముతారు. పరిశోధనల్లో తేలింది వేరు. తోటి అభిమానులు ఎవరిని "మనవాడు" అనుకుంటారన్నది పోలీసులు ఎలా ప్రవర్తించారన్న దాన్ని బట్టి మారుతుంది. అందర్నీ ఒకే గాటన కట్టి కొడితే, అప్పటిదాకా సీసా విసిరినవాణ్ణి తిట్టుకుంటున్న మనిషి కూడా వాడి పక్కన నిలబడతాడు. నన్ను ఊరికే కొట్టారు, వాళ్ళకి ఎదురు నిలిచింది వీడే అనుకుంటాడు.

2000 యూరో కప్‌లో బెల్జియంలోని షార్లెరువాలో ఇంగ్లండ్, జర్మనీ మ్యాచ్ రోజు వాటర్ కెనన్లు దాకా వెళ్ళింది, ఆ టోర్నీలో 900 మందికి పైగా ఇంగ్లండ్ అభిమానుల్ని పట్టుకున్నారు, వాళ్ళలో చాలామంది మీద ఏ కేసూ లేదు. నాలుగేళ్ళ తర్వాత పోర్చుగల్ యూరో కప్‌కి క్లిఫర్డ్ స్టాట్ అనే పరిశోధకుడూ ఆయనతో పని చేసినవాళ్ళూ అక్కడి నగర పోలీసులతో కలిసి వేరే పద్ధతి తయారు చేశారు. మామూలు యూనిఫాంలో ఇద్దరిద్దరుగా జనంలో తిరగడం, పలకరించడం, దారి చెప్పడం, గొడవ మొదలుపెట్టేవాడు కనపడితే వాడి దగ్గరికే వెళ్ళడం, అల్లర్ల దళం ఉంటుంది కానీ కళ్ళకి కనపడని సందులో ఉంటుంది. ఇంగ్లండ్ మ్యాచ్‌లు జరిగిన నగరాల్లో పెద్ద గొడవే జరగలేదు. అదే టోర్నీలో, ఆ పద్ధతి పాటించని వేరే దళం చూసుకునే అల్బుఫెయిరా అనే సముద్రతీర ఊళ్ళో రెండు రాత్రులు అల్లర్లు అయ్యాయి. అభిమానులు అదే దేశంవాళ్ళు, నెల కూడా అదే.

ఇంకొకటి. అభిమానుల్ని ముందే నేరస్థులుగా చూస్తే కళ్ళ ముందు మనుషులు చచ్చిపోతున్నా గొడవలాగే కనిపిస్తుంది. 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జనం తొక్కిడిలో అదే జరిగింది. కంచె ఎక్కి బతకాలని చూసినవాళ్ళని మైదానంలోకి దూకుతున్నారనుకుని పోలీసులు వెనక్కి నెట్టారు. మొత్తం 97 మంది చనిపోయారు. తప్పంతా తాగుబోతు అభిమానులదే అని పోలీసులు అన్నారు, అది అబద్ధమని 2016లో జ్యూరీ తేల్చేదాకా ఆ కుటుంబాలు 27 ఏళ్ళు పోరాడాయి. కాబట్టి ఈస్ట్‌స్టాండ్ గారూ, మీరు చూసింది వివరంగా రాసి పెట్టుకోండి, టైముతో సహా, ఏ గేటు, ఏ రెక్క మూసి ఉంది, అన్నీ. వీడియో ఉంటే తీసెయ్యకండి.

ఈస్ట్‌స్టాండ్_17:

అందరికీ థ్యాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. పెనాల్టీబాక్స్ గారు అన్నది నిజం, మా స్టాండ్‌లో ఎవరు విసురుతారో మాకు తెలుసు. మా ఫ్యాన్స్ గ్రూప్‌లో ఈ మాట ఎత్తుతాను, గొడవైనా సరే. గేటు_నంబర్_4 అన్నా, ఒక్కటే అడుగుతాను, మళ్ళీ అలా ఇరుక్కుంటే ఏం చెయ్యాలి? తమ్ముడు వచ్చే డెర్బీకి కూడా వస్తానంటున్నాడు.

గేటు_నంబర్_4:

రానివ్వండి, పర్లేదు. విజిల్ పడగానే లేవకండి, ఒక పావుగంట సీట్లోనే కూర్చోండి, అన్నిటికంటే పెద్ద జాగ్రత్త అదే. లోపలికి వెళ్ళేటప్పుడే వచ్చిన గేటు కాకుండా ఇంకో దారి ఎక్కడుందో చూసి పెట్టుకోండి. నడుస్తుంటే భుజాలు నాలుగు వైపులా తగులుతున్నాయంటే అప్పుడే పక్కకి తప్పుకోవాలి, ఇంకాస్త చూద్దాం అనుకోకూడదు. ఇరుక్కుపోతే బాక్సర్‌లాగా రెండు చేతులూ ఛాతీ ముందు పెట్టుకోండి, ఊపిరికి చోటు అదే. వెనక్కి నెట్టొద్దు, తోపు వచ్చినప్పుడు దానితోపాటే వెళ్ళి, ఆగినప్పుడు ఏటవాలుగా అంచువైపు ఒక్కో అడుగూ వెయ్యండి, కానీ గోడకీ బారికేడ్‌కీ ఆనుకుని ఉండొద్దు. కిందపడిన వస్తువు కోసం వంగొద్దు, ఫోనైనా సరే. పడిపోతే వెంటనే లేవాలి, లేవలేకపోతే పక్కకి తిరిగి ముడుచుకుని చేతులతో తల కప్పుకోవాలి. అరవడం తగ్గించమని తమ్ముడికి చెప్పండి, ఊపిరి అయిపోతుంది.

తప్పిపోతే ఎక్కడ కలవాలో ఇంటి దగ్గరే అనుకోండి, స్టేడియంకి బాగా దూరంగా ఉండే చోటు. జనంలో ఫోన్ కలవదు.