4 ఏళ్ల పాప నుంచి 70 దాటిన నానమ్మ దాకా అందరూ కూర్చుని చూసే సినిమా ఏదైనా ఉందా?

చూసేవాళ్లు 4, 9, 13 ఏళ్ల పిల్లలు, నానమ్మ, మేమిద్దరం. నానమ్మ సబ్‌టైటిల్స్ చదవలేరు. అందుకని తెలుగు డబ్బింగ్ ఉండాలి, లేదంటే మాటలు అర్థం కాకపోయినా కథ తెలియాలి. చిన్నది గంటన్నర మించి కూర్చోదు.

ముందు రేటింగ్ చూసి ఎంచాం, పని జరగలేదు. అన్ని వయసులవాళ్లూ చూడొచ్చని ఇచ్చే అమెరికా 'జి' రేటింగ్ బూతులు, నగ్నత్వం, డ్రగ్స్ ఉండవని భరోసా ఇస్తుంది గానీ చావు సీన్‌కి అడ్డు కాదు. 'ది లయన్ కింగ్' (1994) 'జి' రేటింగే, 88 నిమిషాలే. తండ్రి సింహం చనిపోయే చోట చిన్నది ఏడ్చి లేచిపోయింది. 'ఫైండింగ్ నీమో' (2003)లో తల్లి చేప మొదట్లోనే పోతుంది. ఆ ముక్క దాటించి పెడితే, తండ్రి చేపకి అంత బెదురెందుకో 9 ఏళ్లవాడికి అంతుపట్టలేదు. 'మై నైబర్ టొటోరో' (1988)లో విలనే లేడు, నిడివి 86 నిమిషాలు. నానమ్మ, చిన్నది హాయిగా చూశారు, పెద్దమ్మాయి మాత్రం సగంలోనే ఫోన్ తీసింది.

యాప్‌లో పిల్లల ప్రొఫైల్ పెడితే పెద్దమ్మాయికి నచ్చేవన్నీ మాయం. ట్రైలర్లు నమ్ముకోవడం ఇంకా దండగ, ఏడిపించే సీన్లు వాటిలో చూపించరు కదా.

యానిమేషనా, మామూలు సినిమానా అన్న పట్టింపు లేదు. గంటన్నర లోపు ఉండి, అమ్మానాన్నల చావు, తరుముకొచ్చే విలన్ లేకుండా, 13 ఏళ్లవాళ్లని కూడా చివరిదాకా కూర్చోబెట్టిన సినిమా మీరు చూసినవాటిలో ఏది?