ఒంటరి తల్లికి ఏది నిలబడుతుంది: ఇంటి నుంచి పనా, క్రెష్ ఉన్న ఆఫీసా?

మియాపూర్_మైత్రి:
ఎనిమిది నెలల పాప ఉన్న ఒంటరి తల్లికి రెండు ఉద్యోగాలు వచ్చాయనుకోండి. ఒకటి జీతం తక్కువైనా ఇంటి నుంచే పని. రెండోదానికి ఆఫీసుకు వెళ్లాలి, అక్కడే క్రెష్, అంటే పగటిపూట పిల్లల్ని చూసుకునే చోటు, ఉంది. నా ఓటు మొదటిదానికే. రానూపోనూ రెండు గంటలు మిగులుతాయి, పాప కళ్ల ముందే ఉంటుంది.

హెచ్‌ఆర్_అరుంధతి:
కళ్ల ముందు ఉండటం వేరు, చూసుకోవడం వేరండీ. ఆ వయసు పిల్ల పగలు విడతలు విడతలుగా పడుకునేది మూడు గంటలు. మిగతా పనంతా రాత్రి పది తర్వాతే. ఆ నిద్రలేమి ముందు మీటింగుల్లో బయటపడుతుంది, తర్వాత రేటింగులో.

పైగా అది హక్కు కాదు. ప్రసూతి చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చిన నియమం ప్రకారం యజమాని ఒప్పుకుంటేనే ఇంటి నుంచి పని. క్రెష్ అలా కాదు: 50 మంది, ఆపైన ఉద్యోగులుంటే పెట్టి తీరాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. చేరేముందే మెయిల్‌లో అడగండి: ఏ వయసు నుంచి తీసుకుంటారు, ఎన్నింటికి మూస్తారు, ఫీజు ఎవరు కడతారు. ఈ చివరిది ఆ సవరణ తేల్చలేదు, గొడవంతా అక్కడే.

బాలవాడి_శారద:
50 మంది లేని బట్టల షాపులో, చిన్న క్లినిక్‌లో చేసేవాళ్ల సంగతేంటి? ప్రభుత్వ క్రెష్ పథకంలో లెక్క నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. తొమ్మిది గంటల డ్యూటీకి రెండు గంటల బస్సు కలిపితే పదకొండు. క్రెష్ ఉండని ఆ మూడున్నర గంటలకు డబ్బిచ్చి ఒక మనిషిని కుదుర్చుకోవాల్సిందే, పక్కింటి పిన్నిగారి మొహమాటం మీద నడవదు. పాపను తీసుకెళ్లే మనిషి ఫొటో, ఫోన్ నంబరు ముందే క్రెష్‌లో ఇవ్వాలి. లేకపోతే పాపను అప్పగించరు, అప్పగించకూడదు కూడా.

పాల విషయంలో ఎక్కువగా పొరపాటు జరుగుతుంది. పిండిన పాలు 25 డిగ్రీల లోపు అయితేనే బయట 4 గంటలు ఆగుతాయి. మన ఎండాకాలంలో ఆ లెక్క పనికిరాదు, ఐస్ ప్యాకులున్న సంచిలోనే పంపాలి. సీసా మీద పిండిన టైము రాయాలి. పాప తాగి వదిలేసినవి రెండు గంటలు దాటితే పారబోయాలి.

మియాపూర్_మైత్రి:
మరి జ్వరం వస్తే? క్రెష్ వాళ్లు రానివ్వరు. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వానాకాలమంతా జలుబే కదా.

హెచ్‌ఆర్_అరుంధతి:
అది నిజమే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికైతే సర్వీసు మొత్తానికి 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. మిగతావాళ్లు ఏడాదికి 3 విడతల్లో వాడుకుంటే, ఒంటరి తల్లి 6 విడతల్లో వాడుకోవచ్చు. ప్రైవేటులో అలాంటి హక్కేమీ లేదు. అందుకే క్యాజువల్ లీవులు సొంత పనులకు ఖర్చు పెట్టొద్దంటాను.

మియాపూర్_మైత్రి:
లీవులు ఎన్నాళ్లొస్తాయి మేడమ్? నేను ఇంటి నుంచి పని అన్నది ఇందుకే. ఆఫీసు ఉద్యోగమే తీసుకున్నా, పాపకు జ్వరం వచ్చిన రోజుల్లో ఇంటి నుంచి చేస్తానని ఆఫర్ లెటర్‌లో రాయించుకోవాలి. మేనేజరు నోటిమాట మేనేజరు మారితే పోతుంది.