అప్‌డేట్: బావి నీళ్లలో కోలిఫాం – క్లోరిన్ వేశాక

వానల తర్వాత ఇంటి బావి నీళ్లలో కోలిఫాం (మురుగు కలిసి ఉండొచ్చని సూచించే బ్యాక్టీరియా) బయటపడిందని, బ్లీచింగ్ పౌడర్ ఎంత వేయాలని అడిగాను. ఇప్పుడు లెక్క తేలింది.

వర వ్యాసం 1.2 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు: వ్యాసం × వ్యాసం × లోతు × 0.785, అంటే సుమారు 3.4 ఘనపు మీటర్లు, 3,400 లీటర్లు. లీటరుకు 50 మి.గ్రా. క్లోరిన్ చొప్పున 170 గ్రాములు కావాలి. 25 శాతం క్లోరిన్ ఉన్న పౌడర్ అయితే 680 గ్రాములు. మూత తీసి ఉంచిన పాత సంచిలో అంత బలం ఉండదు.

పౌడర్‌ను నేరుగా బావిలో చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్లలో కొద్దికొద్దిగా కలిపి, పది నిమిషాలు తేరనిచ్చి, పైతేట మాత్రమే పోయాలి. అడుగు సున్నం లోపల పడితే నీళ్ల కఠినత్వం పెరుగుతుంది. మోటారు వేసి కుళాయిల్లో వాసన వచ్చేదాకా పారించి, రాత్రంతా వదిలేయాలి. మర్నాడు వాసన పోయేదాకా తోడి పారబోయాలి, మొక్కలకు మాత్రం వద్దు.

క్లోరిన్ మిగిలి ఉండగా శాంపిల్ ఇస్తే రిపోర్టు బాగానే వస్తుంది, దాన్ని నమ్మలేం. వారం పది రోజులు ఆగి ఇవ్వాలి. 100 మి.లీ.లో కోలిఫాం అసలు కనపడకూడదు. అప్పటిదాకా కాచిన నీళ్లే.

అసలు లోపం పై వరల అతుకుల్లో ఉంది, పగిలిన గచ్చు మీది మురుగు అక్కణ్నుంచే దిగుతోంది. అది పూడ్చకుండా ఎన్ని కిలోలు పోసినా మళ్లీ మొదటికే. ఫ్లోరైడ్, నైట్రేట్‌లకు ఇదేదీ పనిచేయదు. కాస్తే అవి ఇంకా చిక్కబడతాయి.