మల్టీమీడియా బోధనపై ఎం.ఇడి. పరిశోధన: సంబంధిత సాహిత్య సమీక్ష ఎలా రాయాలి?

ప్రశ్న (ఎం.ఇడి. విద్యార్థిని):
అందరికీ నమస్కారం. ఎనిమిదో తరగతి భౌతిక, రసాయన శాస్త్రాల బోధనలో మల్టీమీడియా పాఠాల ప్రభావంపై లఘు పరిశోధన చేస్తున్నాను. సాహిత్య సమీక్ష అధ్యాయాన్ని విదేశీ అధ్యయనాలు, భారతీయ అధ్యయనాలు అని విభజించి, నలభై రెండింటి సారాంశాలను సంవత్సరాల వరుసలో రాసి చూపిస్తే, మా గైడు గారు "ఇది జాబితా అమ్మా, సమీక్ష కాదు" అని తిరిగి ఇచ్చేశారు. దాదాపు అన్నిటిలోనూ మల్టీమీడియా వల్ల మార్కులు పెరిగాయనే ఉంది. అన్నీ ఒకే మాట చెబుతున్నప్పుడు సమీక్షించడానికి ఏం మిగులుతుందో దయచేసి చెప్పండి.

సమాధానం 1 (విశ్రాంత విద్యాశాస్త్ర అధ్యాపకుడు):
అమ్మా, అన్నీ ఒకే మాట ఎందుకు చెబుతున్నాయన్న అనుమానం దగ్గరే సమీక్ష మొదలవుతుంది. సరుకులు మోసుకొచ్చే లారీ వల్ల మన తిండిలోని పోషకాలు మారనట్టే, పాఠాన్ని మోసుకొచ్చే మాధ్యమం వల్ల అభ్యసనం మారదని విద్యా పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ 1983లో వాదించారు. కంప్యూటర్ పాఠాన్నీ మామూలు పాఠాన్నీ ఒకే ఉపాధ్యాయుడు రూపొందించిన అధ్యయనాల్లో రెండింటి మధ్య తేడా బాగా తగ్గిపోవడాన్ని ఆయన ఎత్తిచూపారు. అంటే మార్కులు పెంచింది యంత్రం కాక, పాఠం తయారీపై పెట్టిన అదనపు శ్రమో, పిల్లలకు ఆ వస్తువు మీద ఉన్న కొత్త మోజో కావచ్చు. దీనికి మరో పరిశోధకుడు రాబర్ట్ కొజ్మా, అభ్యసనంలో మాధ్యమానికీ పాత్ర ఉంటుందని 1991లోనూ 1994లోనూ బదులిచ్చారు. మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ అయితే ప్రశ్ననే మార్చి, ఎలాంటి రూపకల్పన వల్ల పిల్లలకు బాగా అర్థమవుతుందని అడిగారు: కదిలే బొమ్మకు తోడుగా మాట వినిపిస్తే మేలా, తెరపై అక్షరాలు చూపిస్తే మేలా అన్నట్టుగా. మీ నలభై రెండు అధ్యయనాలనూ ఈ వాదన చుట్టూ చేర్చి, నియంత్రిత సమూహానికి (పోలిక కోసం మల్టీమీడియా లేకుండా మామూలు పాఠం విన్న పిల్లలకు) పాఠం ఎవరు చెప్పారు, ఎన్నాళ్లు చెప్పారు అని ఒక్కొక్కదాన్నీ నిలదీయండి.

సమాధానం 2 (ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు):
ఫలితాలన్నీ ఒకే వైపు లేవండీ. వడోదరలో నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటల కంప్యూటర్ గణితం అందించిన ప్రయోగంలో మార్కులు గణనీయంగా పెరిగాయి కానీ, ఏడాది తిరిగేసరికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయిందని 2007లో ప్రచురితమైన అధ్యయనం చెబుతుంది. గుజరాత్‌లోనే ఆర్థికవేత్త లీ లిండెన్ చేసిన మరో అధ్యయనంలో, ఉపాధ్యాయుల బోధనా సమయాన్ని తగ్గించి కంప్యూటర్ పెట్టిన చోట పిల్లలు వెనకబడ్డారు. బడి వేళలకు బయట అదనంగా ఇచ్చిన చోట, ముఖ్యంగా చదువులో వెనకబడినవారు బాగుపడ్డారు. బడిలో రోజూ పీరియడ్ల లెక్క చూసుకునే నాకు ఈ తేడాయే అన్నిటికంటే ముఖ్యమైనదిగా తోస్తుంది.

సమాధానం 3 (గ్రంథాలయ శాస్త్ర విద్యార్థి):
భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధగంగలో వెతికేటప్పుడు "మల్టీమీడియా" అన్న ఒక్క మాటతో ఆగకండి. పాత సిద్ధాంత గ్రంథాల్లో ఇదే విషయం "కంప్యూటర్ సహాయక బోధన" అనీ, తర్వాతి వాటిలో "ఐసీటీ" (సమాచార, ప్రసార సాంకేతికత) అనీ, "డిజిటల్ అభ్యసనం" అనీ కనిపిస్తుంది. ఏ మాటతో, ఏ తేదీన వెతికారో, దేన్ని ఎందుకు వదిలేశారో నోటుపుస్తకంలో రాసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. పది మూల వ్యాసాలను మళ్లీ తీసి చూస్తే, నియంత్రిత సమూహానికి పాఠం ఎవరు చెప్పారో చాలావాటిలో రాయనే లేదు. నా ప్రయోగంలోనూ రెండు సెక్షన్లకు వేర్వేరు ఉపాధ్యాయులను అనుకున్నాము. ఇప్పుడు ఒకరే చెప్పేలా ప్రధానోపాధ్యాయుల వారిని అనుమతి అడగబోతున్నాను.